గడ్డకట్టే చలిలో బవేరియా నుంచి ఇంగ్లండ్‌కి బండి మీద: అందరూ అడిగే ప్రశ్నలు

నేనుండేది ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో. బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411. ఫిబ్రవరి మొదట్లో జర్మనీలో బవేరియా అడవుల్లో జరిగే ఒక చలికాలపు బైక్ మీట్‌కి వెళ్ళి అక్కడ్నుంచి రోడ్డు మీదే ఇంటికొచ్చా. అప్పట్నుంచి ఫోన్లే ఫోన్లు. హైదరాబాద్‌లో బావమరిది అడిగిందే ఇక్కడ ఆఫీసులో కుర్రాడు అడుగుతాడు, వాడికి చెప్పి పెట్టేసేలోపు డబ్లిన్ నుంచి ఇంకొకడు. చెప్పిందే చెప్పి నోరు నొప్పెట్టి ఇదిగో ఇలా రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి, వరసగా చదవక్కర్లేదు.

## అసలు ఎందుకు, ఎలా

ఫిబ్రవరిలో యూరప్‌లో బండి మీద ఏం పని అన్నా, పిచ్చా?

కొంచెం ఉంది. ఆ మీట్ పేరు ఎలిఫాంటెన్‌ట్రెఫెన్, అంటే ఏనుగులు కలుసుకోవడం. 1956లో ఎర్నెస్ట్ లెవర్కుస్ అనే బైక్ జర్నలిస్ట్ స్టుట్‌గార్ట్ పక్కన సాలిట్యూడ్ దగ్గర మొదలుపెట్టాడు. త్సుండాప్ కేఎస్ 601 అని ఒక బండి ఉండేది, ఎక్కువగా సైడ్‌కార్ తగిలించుకుని తిరిగేవాళ్ళు, దానికి పచ్చ ఏనుగు అని ముద్దుపేరు, అది ఉన్నోళ్ళంతా చలికాలంలో ఒకచోట కలుద్దాం అనుకున్నారు, ఏనుగుల పేరు అలా వచ్చింది. 1989 నుంచి పాసావ్‌కి దగ్గర్లో థుర్మాన్స్‌బాంగ్ అనే ఊరి పక్కన సొల్లా లోయలో జరుగుతోంది. మంచులో టెంట్ వేసుకోవడం, గడ్డి పరుచుకోవడం, మంట చుట్టూ కూర్చోవడం, పొద్దున్నే అందరూ కలిసి ఎవరిదో ఒకరి బండి తోయడం, ప్రోగ్రాం అంటే ఇంతే.

వెళ్ళడం కష్టమా, రావడం కష్టమా?

రావడమే, సందేహం లేదు. వెళ్ళేటప్పుడు ఒళ్ళు ఫ్రెష్‌గా ఉంటుంది, బట్టలు పొడిగా ఉంటాయి, చలి ఎక్కువైతే ఇంకో గంట కాఫీ తాగుతూ కూర్చుంటాం. తిరిగొచ్చేటప్పుడు రెండు రాత్రులు సరిగ్గా నిద్ర ఉండదు, గ్లవ్స్ తడి, బట్టలన్నీ పొగ వాసన, పైగా తలలో సోమవారం ఆఫీసు తిరుగుతూ ఉంటుంది. మొదట నేను ఆదివారం పొద్దున బయల్దేరి సోమవారం సాయంత్రానికి ఇల్లు చేరాలని ప్లాన్ వేశా, ఆ ప్లానే నన్ను పడేయబోయింది. రోడ్డు మీద నేను చేసిన ప్రతి తప్పూ తొందరలో చేసిందే, ఒక్కటి కూడా చలికి భయపడి చేసింది లేదు. అందుకే ఎవరడిగినా మొదట చెప్పేది టైరూ కాదు జాకెట్టూ కాదు, బుధవారం దాకా లీవ్ పెట్టుకోండి అని.

మొత్తం ఎంత దూరం, ఏ రూట్‌లో వచ్చావ్?

సుమారు 1200 కిలోమీటర్లు. బవేరియా నుంచి ఏ3 ఆటోబాన్, అంటే జర్మనీ హైవే, పట్టుకుంటే రీగెన్స్‌బర్గ్, నూరెంబర్గ్, వుర్జ్‌బర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా కొలోన్ దాకా ఒకటే రోడ్డు. అక్కడ ఏ4 ఎక్కి ఆఖెన్, బోర్డర్ దాటితే బెల్జియం ఈ40, లియేజ్, బ్రస్సెల్స్, ఘెంట్, ఆ తర్వాత ఫ్రాన్స్‌లో ఏ16 మీద డన్‌కిర్క్ దాటి కాలే రేవు. సముద్రం దాటాక ఇంగ్లండ్‌లో ఎం20, ఎం25, ఎం1. చూడ్డానికి బోర్ రూటే, చలికాలంలో ఆ బోరే కావాలి. మంచు కరగడానికి చల్లే ఉప్పు మెయిన్ రోడ్లకే ముందు కొడతారు, ఏదన్నా అయితే పావుగంటలో ఎవరో ఒకరు కనిపిస్తారు. మాప్‌లో అందంగా మెలికలు తిరిగే అడవి రోడ్లు మే నెలకి దాచుకోండి.

రోజుకి ఎన్ని కిలోమీటర్లు పెట్టుకోవాలి?

300 నుంచి 350. ఎండాకాలంలో 700 కొట్టేవాళ్ళు కూడా ఇందులో సగమే అనుకోండి. ఆ టైంలో బవేరియాలో తెల్లారేసరికి ఏడున్నర దాటుతుంది, సాయంత్రం ఐదు కల్లా చీకటి, పొద్దున తొమ్మిదింటి దాకా రోడ్డు మీద మంచు కరగదు, అంటే చేతిలో ఉండేది ఎనిమిది గంటలు, అందులో రెండు గంటలు కాఫీలకీ చేతులు కాచుకోవడానికీ పోతాయి. నేను మొదటి రాత్రి వుర్జ్‌బర్గ్‌లో, రెండో రాత్రి ఆఖెన్‌లో ఆగా, మూడో రోజు కాలే దాటి ఇంటికి. ఆ మూడో రోజు మాత్రం లెక్క తప్పి 500 దాటిపోయింది, ఎం25 మీదకొచ్చేసరికి రాత్రయిపోయింది. మళ్ళీ అయితే ఘెంట్‌లో ఇంకో రాత్రి ఆగుతా.

400 సీసీ సింగిల్ సిలిండర్ బండితో అవుతుందా, పెద్ద బండి కొనాలా?

అవుతుంది, నిజం చెప్పాలంటే చిన్న బండే నయం. 90, 95 మీద పోతుంటే గాలి తక్కువ కొడుతుంది, జారినా లేపగలం. 15 లీటర్ల ట్యాంక్, ఎంత తక్కువనుకున్నా 350 కిలోమీటర్లు వస్తుంది, ఆ లోపు మనకే ఆగాలనిపిస్తుంది. ఆ మీట్‌కి యాభై సీసీ మోపెడ్ల మీద వచ్చినోళ్ళని కూడా చూశా, వాళ్ళ ముందు నా బండి రాజరథం.

## కాగితాలు

ఇండియన్ పాస్‌పోర్ట్, యూకే వర్క్ వీసా ఉంది. షెంగెన్ వీసా కావాలా?

కావాలి. యూకేలో ఎన్నేళ్ళు పనిచేస్తున్నా ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే షెంగెన్, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా, తప్పదు. ఎక్కువ రోజులు ఉండేది జర్మనీలో కాబట్టి జర్మనీకే అప్లై చేయాలి, ఫ్రాన్స్ మీదుగా వెళ్తున్నాం కదా అని ఫ్రాన్స్‌కి కాదు. ఫీజు 2024 జూన్ నుంచి 90 యూరోలు, సర్వీస్ సెంటర్ వాళ్ళది వేరే. ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందు ఇవ్వాలి, కానీ అపాయింట్‌మెంట్ దొరకడమే అసలు పని కాబట్టి దసరా అయిపోగానే మొదలుపెట్టండి. 30 వేల యూరోలకి తగ్గకుండా మెడికల్ కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ చూపించాలి. పాస్‌పోర్ట్ ఇచ్చి పదేళ్ళు దాటకూడదు, తిరిగొచ్చాక ఇంకో మూడు నెలలు వాలిడిటీ ఉండాలి. టెంట్‌లో పడుకుంటా అంటే హోటల్ బుకింగ్ ఏం చూపించాలి అని చాలామంది అడిగారు, నేను దారిలో హోటళ్ళ బుకింగులు పెట్టి, మీట్ గురించి ఒక పేజీ లెటర్ రాశా, ఏ ఇబ్బందీ రాలేదు.

బండికి ఏమేం కాగితాలు తీసుకెళ్ళాలి?

వీ5సీ లాగ్‌బుక్ (మన ఆర్సీ లాంటిది) ఒరిజినల్, జిరాక్స్ కాదు. యూకే ఫోటోకార్డ్ లైసెన్స్, దానికి అదనంగా ఇంటర్నేషనల్ పర్మిట్ అక్కర్లేదు. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్. బండి ఇన్సూరెన్స్ బయటి దేశంలో చెల్లుతుందని చూపించే గ్రీన్ కార్డ్ 2021 ఆగస్టు నుంచి ఈయూలో అడగట్లేదు. నంబర్ ప్లేట్ మీద యూకే అని లేకపోతే వెనకాల యూకే స్టిక్కర్ అంటించాలి, పాత జీబీ స్టిక్కర్ 2021 సెప్టెంబర్ నుంచి చెల్లదు. ఇవన్నీ జిప్‌లాక్ కవర్లో పెట్టి జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి. ప్యానియర్‌లో, అంటే బండి పక్కన తగిలించే పెట్టెలో, పెడితే, బోర్డర్‌లో వేళ్ళు వంగనప్పుడు ఆ తాళం తీయడం ఒక యజ్ఞం.

నాకు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉంది కదా, సరిపోదా?

పాలసీ తెరిచి మోటార్‌సైకిల్ అనే మాట కోసం వెతకండి. చాలా వాటిలో 125 సీసీ దాటితే కవర్ లేదని చిన్నక్షరాల్లో ఉంటుంది, ఎక్స్‌ట్రా కడితే చేరుస్తారు. బ్రేక్‌డౌన్ కవర్‌లో యూరప్ ఉందో లేదో కూడా విడిగా అడగండి.

వింటర్ టైర్లు లేకపోతే జర్మనీలో పోలీసులు ఫైన్ వేస్తారా?

కార్లకి వేస్తారు. బైకులకి ఆ రూల్ 2017లో తీసేశారు, వింటర్ టైర్ లేకపోయినా నడపొచ్చు. నడపొచ్చు అన్నది పోలీసుల లెక్క, రోడ్డు లెక్క వేరు. చలికి గట్టిపడే రోడ్ టైర్ మంచు మీద సబ్బు బిళ్ళలా పోతుంది. ఎం ప్లస్ ఎస్ (బురదకీ మంచుకీ అని) గుర్తున్న బైక్ టైర్లు దొరుకుతాయి, నేను హైడెనావ్ కే60 వేయించా. తడి రోడ్డు మీదా సన్నటి మంచు మీదా తేడా బాగా తెలిసింది, ఐస్ మీద మాత్రం ఏ టైరైనా ఒకటే.

## బట్టలు, బండి సరంజామా

లంబసింగిలో సున్నా డిగ్రీలు చూశా, మైనస్ ఐదు అంటే అంత తేడా ఉంటుందా?

లంబసింగిలో మీరు శాలువా కప్పుకుని నిలబడి చూశారు, ఇక్కడ కదులుతున్నారు, తేడా అంతా అక్కడే. సున్నా డిగ్రీల్లో గంటకి 100 వేగంతో పోతుంటే ఒంటికి తగిలే చలి మైనస్ 11 లెక్క. మైనస్ 5 అయితే మైనస్ 18, మైనస్ 10 అయితే మైనస్ 25. ఆ గాలి ఒకటి రెండు నిమిషాలు కొట్టి ఆగేది కాదు, మూడు గంటలు అదే పనిగా కొడుతుంది. మెడ దగ్గర పిన్నీసు పట్టేంత సందున్నా చాలు, గాలి దాన్ని వెతుక్కుని మరీ దూరుతుంది.

ఎన్ని జతలు వేసుకున్నావ్ బ్రో?

ఒంటికి మెరీనో ఉన్ని బనీను, దాని మీద సన్నటి ఫ్లీస్, దాని మీద హీటెడ్ వెస్ట్, పైన రైడింగ్ జాకెట్, అన్నిటికంటే పైన ప్లాస్టిక్ రెయిన్ కోట్. వాన లేకపోయినా ఆ రెయిన్ కోట్ ఉండాల్సిందే, గాలిని ఆపేది అదొక్కటే. కాటన్ మాత్రం వద్దు, చెమట పట్టిందంటే ఇక ఆరదు, తడిగుడ్డ చుట్టుకుని ఫ్రిజ్‌లో కూర్చున్నట్టే. అన్నీ వేసుకున్నాక చేతులు పైకెత్తి చూసుకోండి, బిగుసుగా ఉందంటే ఒకటి తీసేయండి, పొరల మధ్య గాలి నిలవకపోతే ఎన్ని వేసినా దండగ. ఇంకా చలేస్తే పెట్రోల్ బంకులో న్యూస్‌పేపర్ కొని ఛాతీ మీద నాలుగు మడతలు పెట్టుకోవచ్చు. తాతల కాలం ట్రిక్కే కానీ పనిచేస్తుంది.

చేతి వేళ్ళు గడ్డకట్టకుండా ఏం చేశావ్?

హీటెడ్ గ్రిప్స్ అరచేతిని కాలుస్తాయి, వేళ్ళ వెనక భాగం గాలికి వదిలేస్తాయి. కాబట్టి గ్రిప్స్ కంటే ముందు హ్యాండిల్‌కి మఫ్స్ కొనండి, అవే ఆ సంచుల్లాంటివి, డెలివరీ కుర్రాళ్ళ బండ్లకి ఉంటాయి చూడండి. చూడ్డానికి ఏనుగు చెవుల్లా వేలాడుతుంటాయి, నేనూ సిగ్గుపడి పెట్టలేదు. ఫ్రాంక్‌ఫర్ట్ దాటాక ఒక బంకులో పర్సులోంచి కార్డు లాగుదామంటే బొటనవేలు కదల్లేదు, కౌంటర్ దగ్గర నిలబడి పర్సుని గోళ్ళతో గీకుతున్నా. ఆ పెద్దావిడ చూసి చూసి పర్సు నా చేతిలోంచి తీసుకుని, కార్డు లాగి మెషీన్ మీద పెట్టి, తిరిగి దాన్లోనే దోపి, కాఫీ ఒకటి నా వైపు జరిపింది, డబ్బులివ్వబోతే చెయ్యి ఊపేసింది. ఆ రాత్రి హోటల్ నుంచే మఫ్స్ ఆర్డర్ పెట్టా, అవి వచ్చేసరికి నేను ఇంట్లో ఉన్నాననుకోండి.

కాళ్ళకి రెండు జతల సాక్స్ చాలా?

బూటు ఒక సైజు పెద్దదైతేనే. బిగుతు బూట్లో రెండు జతలు కుక్కితే రక్తం ఆడదు, ఒక్క జతకంటే ఘోరంగా ఉంటుంది. చేతుల్లో పట్టుకునే వేడి ప్యాకెట్లు బూట్లో పెడితే సరిగ్గా పనిచేయవు, లోపలున్న ఇనుప పొడికి గాలి తగిలితేనే వేడి పుడుతుంది, మూసేసిన బూట్లో గాలెక్కడిది.

హీటెడ్ వెస్ట్, గ్రిప్స్, ఫోన్ చార్జర్ అన్నీ పెడితే బ్యాటరీ తట్టుకుంటుందా?

ముందు లెక్క వేసుకోండి. గ్రిప్స్ 30 నుంచి 40 వాట్లు, వెస్ట్ 50 నుంచి 75, హీటెడ్ గ్లవ్స్ అయితే ఇంకో 25, పొగమంచు లైట్లు వేరే. మీ బండి ఆల్టర్నేటర్ ఎన్ని వాట్లు ఇస్తుందో చూసి, బండికి సొంతంగా కావాల్సింది తీసేస్తే మిగిలేదే మీకు. ఆ మిగిలేది కూడా ఇంజిన్ తిరుగుతుంటేనే, ట్రాఫిక్‌లో ఐడిల్‌లో నిలబడితే అంత రాదు. నూరెంబర్గ్ దగ్గర రోడ్డు పనులుంటే నలభై నిమిషాలు నత్తనడక, జర్మనీలో కార్ల మధ్యలోంచి దూరి పోకూడదు, నేనేమో వెస్ట్ ఫుల్లో పెట్టుకుని హాయిగా కూర్చున్నా. తర్వాత బంకులో ఆపి మళ్ళీ స్టార్ట్ కొడితే టిక్ టిక్ అంటోంది. నా తెలివితక్కువే. ఇరవై యూరోల వోల్ట్‌మీటర్ ఒకటి హ్యాండిల్‌కి పెట్టుకుంటే ఆ బాధ ఉండేది కాదు, 12.5 కిందకి పోతోందంటే వెస్ట్ ఆపేయాలి.

హెల్మెట్ గ్లాస్ మసకబారుతోంది, కళ్ళజోడు కూడా ఉంది, ఏం చేయాలి?

పిన్‌లాక్ అనే రెండో పొర గ్లాస్ లోపల బిగించుకోవాలి, ఇది లేకుండా బయల్దేరొద్దు. ముక్కు మీద బ్రెత్ గార్డ్ ఉంటే ఊపిరి కిందకి పోతుంది. కళ్ళజోడు వాళ్ళు ఆగిన ప్రతిసారీ గ్లాస్ తెరవాల్సిందే, వేరే మార్గం నాకు దొరకలేదు. బయటివైపు ఉప్పు నీళ్ళు పడి తెల్లగా పేరుకుంటుంది, పొడి గ్లవ్‌తో తుడిస్తే గీతలు పడతాయి, తడి గుడ్డ ఒకటి చేతికందేలా పెట్టుకోండి.

బట్టల మీద కూడా రూల్స్ ఉన్నాయంట, నిజమేనా?

నిజమే. బెల్జియంలో 2011 నుంచి బైక్ మీద గ్లవ్స్, ఫుల్ చేతుల జాకెట్, ఫుల్ ప్యాంట్, చీలమండ కప్పే బూట్లు తప్పనిసరి. ఫ్రాన్స్‌లో 2016 నుంచి సీఈ మార్క్ (యూరప్ భద్రతా ప్రమాణాల గుర్తు) ఉన్న గ్లవ్స్ ఉండాలి, మెరిసే జాకెట్ ఒకటి దగ్గర పెట్టుకోవాలి. ఫిబ్రవరిలో ఇవి లేకుండా ఎవడు తిరుగుతాడు అనుకోండి, కానీ గ్లవ్స్ మీద ఆ మార్క్ ఉందో లేదో ఒకసారి చూసుకోండి.

## అడవిలో రాత్రి, పొద్దున బయల్దేరడం

మైనస్‌లో టెంట్‌లో నిద్ర ఎలా పట్టింది?

మొదటి రాత్రి పట్టలేదు. మంచి స్లీపింగ్ బ్యాగ్ కొని, కింద పరిచేదాని మీద పీనాసితనం చూపించా. చలి పైనుంచి కంటే కింద నేలలోంచి ఎక్కువ లాగుతుంది. రెండో రోజు పక్క టెంట్ వాళ్ళని చూసి గడ్డి మోపు కొని మోకాలెత్తు పరిచి, దాని మీద మ్యాట్ వేస్తే మన ఊళ్ళో గడ్డివాము మీద పడుకున్నట్టే ఉంది. రేపు వేసుకునే గ్లవ్స్, ఫోను, నీళ్ళ సీసా బ్యాగ్ లోపలే పెట్టుకుని పడుకోవాలి, బయట పెడితే పొద్దున్నే రాళ్ళు.

తిండి సంగతేంటి, స్టవ్ వెలుగుతుందా?

మామూలు బ్యూటేన్ క్యాన్ వెలగదు. బ్యూటేన్ సున్నాకి కొంచెం కింద గ్యాస్‌గా మారడం ఆపేసి క్యాన్‌లో ద్రవంలా కూర్చుంటుంది. ప్రొపేన్ కలిసిన వింటర్ గ్యాస్ కొనాలి, లేదా పెట్రోల్ స్టవ్. ఇంటి నుంచి తీసుకెళ్ళిన పులిహోర పొద్దుటికి ఇటుక అయిపోయింది, డబ్బా తిరగేసి తడితే మొత్తం ఒకటే ముక్క మంచులో పడింది. ఆవకాయ నూనె చలికాలం కొబ్బరినూనె సీసాలా పేరుకుంది కానీ మంట దగ్గర పెడితే కరిగింది, పక్కనున్న పోలండ్ వాళ్ళు బ్రెడ్‌కి రాసుకుని తిన్నారు. మ్యాగీ, జీడిపప్పు, బెల్లంతో చేసిన పల్లీ చిక్కీ, ఇవి చాలు. చిక్కీ జేబులో పెట్టుకుంటే గడ్డకట్టదు, రోడ్డు మీద అదే నా టిఫిన్.

పొద్దున బండి తాళం తిరగలేదు, ఏం చేయాలి?

వేడి నీళ్ళు పోయొద్దు, రెండు నిమిషాల్లో అవే గడ్డకట్టి ఇంకా బిగుస్తుంది. లైటర్‌తో తాళంచెవి వేడి చేసి మెల్లగా దూర్చాలి, లేదా ఐస్ కరిగించే డీఐసర్ స్ప్రే. నా డీఐసర్ ప్యానియర్‌లో ఉంది, గడ్డకట్టింది ప్యానియర్ తాళం. ఇక నవ్వుకోండి.

సెల్ఫ్ కొడితే ఇంజిన్ మెల్లగా మూలుగుతోంది, స్టార్ట్ అవట్లేదు?

చలికి బ్యాటరీ శక్తి పడిపోతుంది, మైనస్ 18 దగ్గర సగం కూడా మిగలదు, అదే టైంలో ఆయిల్ చిక్కబడి ఇంజిన్ తిరగడానికి ఎక్కువ బలం అడుగుతుంది. క్లచ్ పట్టుకుని కొట్టండి, ఐదు సెకన్లు కొట్టి అర నిమిషం ఆగండి, వరసగా కొడితే ఉన్నదీ పోతుంది. లిథియం బ్యాటరీ అయితే ముందు హెడ్‌లైట్ ఒక నిమిషం వేసి ఉంచండి, లోపల కొంచెం వేడెక్కి తర్వాత బాగా లాగుతుంది. ఏదీ కాకపోతే తోయించుకోవడమే. తెల్లగడ్డం తాత ఒకాయన సైడ్‌కార్ దిగి వచ్చి నా బండి వెనక చెయ్యి వేశాడు, ఇంకో ముగ్గురు చేరారు, సెకండ్ గేర్‌లో వదిలితే స్టార్ట్ అయింది, నేను వెనక్కి తిరిగి చూసేసరికి వాళ్ళు ఇంకెవరిదో తోస్తున్నారు.

మంచు పడుతోంది, బయల్దేరాలా ఆగాలా?

ఆగాలి. మంచు ఆగి, రోడ్డు మీద ఉప్పు బండి ఒకసారి తిరిగి, నల్ల తారు కనిపించాక బయల్దేరాలి. మంచు కంటే భయపడాల్సింది గడ్డకట్టే వాన. నేల మైనస్‌లో ఉన్నప్పుడు పడే వాన తగిలిన చోటే అద్దంలా అయిపోతుంది, దానికి జర్మన్లు బ్లిట్జైస్ అంటారు, మెరుపు ఐస్ అని. వాతావరణ సూచనలో అది కనిపిస్తే హోటల్ ఇంకో రోజు పొడిగించడమే.

## రోడ్డు మీద

బ్లాక్ ఐస్ కనపడదంటారు, మరి ఎలా తెలుసుకోవాలి?

బ్లాక్ ఐస్ అంటే తారు రంగులో కలిసిపోయే పల్చటి ఐస్ పొర, అది కనపడదు, దాని చుట్టుపక్కల సంగతులు కనపడతాయి. టెంపరేచర్ ప్లస్ 3 నుంచి మైనస్ 3 మధ్య తిరుగుతుంటే అదే చెడ్డ టైం, పగలు కరిగిన నీళ్ళు నీడలో మళ్ళీ గడ్డకడతాయి. మైనస్ 10లో పొడి రోడ్డు దానికంటే వంద రెట్లు నయం. వంతెనలు ముందు గడ్డకడతాయి, కింద నేల వెచ్చదనం ఉండదు, పైనా కిందా గాలే కాబట్టి. అడవి నీడ, కొండ ఉత్తరం వైపు, టన్నెల్‌లోంచి బయటికొచ్చే చోటు, ఇవన్నీ అనుమానించాల్సినవే. ఇంకో గుర్తు, ముందు కార్ల టైర్ల వెనక నీళ్ళు చిమ్ముతున్నాయా చూడండి. రోడ్డు తడిగా మెరుస్తోంది కానీ చిమ్ముడు లేదంటే అది నీళ్ళు కాదు.

వుర్జ్‌బర్గ్ దాటాక స్పెసార్ట్ అడవి కొండలు వస్తాయి. పొద్దున తొమ్మిదిన్నర, ఎండ కూడా ఉంది, ధీమాగా పోతున్నా. ఒక వంతెన మీదకి ఎక్కగానే హ్యాండిల్ బరువు పోయింది, చేతిలో ఏమీ లేనట్టుంది, టైర్ల చప్పుడు కూడా ఆగిపోయింది. మూడు సెకన్లు ఉంటుందేమో. నేనేం చేయలేదు, చేయడానికి బుర్ర పనిచేయలేదు, అదే నన్ను కాపాడింది. అవతలి వైపు తారు తగిలి మళ్ళీ చప్పుడు మొదలైతే అప్పుడు కాళ్ళు వణికాయి.

టైర్ జారుతోందని తెలిసిన క్షణంలో ఏం చేయాలి?

యాక్సిలరేటర్ కదపకండి, ముందు బ్రేక్ ముట్టుకోకండి, చూపు దూరంగా పెట్టి బండిని నిటారుగా పోనివ్వండి. చేతులు వదులుగా ఉండాలి. ఏబీఎస్ ఉంది కదా అనుకోకండి, ఐస్ మీద అదీ పట్టు పుట్టించలేదు. మెల్లగా ఉన్నప్పుడు కాళ్ళు రెండూ కిందకి దించి పాక్కుంటూ పోవచ్చు, సిగ్గేం లేదు.

లారీ వెనకాల పోతే గాలి తగలదు కదా?

తగలదు, బదులుగా ఉప్పు నీళ్ళు మొహం మీద కొడుతుంది, ముందు రోడ్డు కనపడదు. ఇంకోటి, లారీ పైకప్పు మీద రాత్రి పేరుకున్న ఐస్ పలకలు ఊడి ఎగురుతాయి, నా ముందు ఒకటి తలుపంత పడి పగిలింది. నాలుగు సెకన్ల దూరం ఉంచుకుని, కుడి లేన్‌లో చక్రాల దారి మీదే పొండి, రెండు దారుల మధ్యలో ఉప్పూ మంచూ పేరుకుని ఉంటాయి.

ఎంతసేపటికోసారి ఆగాలి?

గంటకోసారి, లేదా 70, 80 కిలోమీటర్లకి. చలి వేసినా వేయకపోయినా ఆగాలి, ఎందుకంటే బాగానే ఉన్నా అనిపించడం కూడా చలి చేసే మోసమే. ఏదన్నా వేడిగా తాగి, బాత్రూంలో చేతులారబెట్టే మెషీన్ కింద గ్లవ్స్ పెట్టుకోండి, ఆ మెషీన్‌కి ఆఖెన్‌లో దణ్ణం పెట్టొచ్చా.

వణికి వణికి వణుకు ఆగిపోయింది, అంటే అలవాటైపోయినట్టేనా?

కాదు, వెంటనే బండి ఆపండి. ఒంట్లో వేడి 35 డిగ్రీల కంటే తగ్గితే దాన్ని హైపోథర్మియా అంటారు. మొదట గట్టిగా వణుకు, వేళ్ళు మాట వినవు, తర్వాత మాట ముద్దగా వస్తుంది, చిన్న లెక్క కూడా తేలదు, చివరికి వణుకు ఆగిపోయి హాయిగా నిద్రొస్తున్నట్టు ఉంటుంది. ఆ దశకి వస్తే 112కి ఫోన్ చేయాల్సిందే, యూరప్ అంతా అదే నంబర్. అంతదాకా రాకుండా నేను హెల్మెట్‌లో ఇంటి ఫోన్ నంబర్ వెనక నుంచి ముందుకి చెప్పుకునేవాణ్ణి, తడబడితే తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోవడమే. లోపలికెళ్ళాక తడి బట్టలు తీసేసి ఛాతీ ముందు వెచ్చబెట్టుకోవాలి. తెల్లబడి తిమ్మిరెక్కిన వేళ్ళని రుద్దొద్దు, మరిగే నీళ్ళలో పెట్టొద్దు, గోరువెచ్చటివే.

ఒక పెగ్గేస్తే వేడెక్కుతాం కదా?

చర్మానికి వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. బండి మీద అసలు వద్దు.

టోల్, పెట్రోల్ ఖర్చు ఎలా?

ఈ రూట్‌లో బైక్‌కి జర్మనీలో టోల్ లేదు, బెల్జియంలో లేదు, కాలే వైపు ఏ16 మీదా లేదు. ఆస్ట్రియా మీదుగా తిరిగితే మాత్రం బైక్‌కి కూడా విన్యెట్, అంటే టోల్ స్టిక్కర్, కొనాలి. ఆటోబాన్ మీదే ఉండే బంకులు రేటు ఎక్కువ, ఎగ్జిట్ దిగి ఆటోహాఫ్ అని ఉన్నచోట కొట్టించుకుంటే తక్కువ, తిండి కూడా నయం. మొత్తానికి 45 లీటర్లు పట్టింది.

ఇంట్లో వాళ్ళకి ఏం చెప్పి వెళ్ళావ్?

మా ఆవిడకి అన్నీ నిజమే చెప్పా, లొకేషన్ షేర్ ఆన్‌లో పెట్టా, ప్రతి స్టాప్‌లో ఒక మెసేజ్. అమ్మకి ఆఫీసు పని మీద జర్మనీ అన్నా. స్పెసార్ట్ తర్వాత బంకులో వీడియో కాల్ చేస్తే, ఆ ముక్కు అంత ఎర్రగా ఉందేంట్రా, ఆఫీసులో హీటర్ లేదా అంది.

## సముద్రం దాటడం, ఇల్లు

ఫెర్రీ మంచిదా, టన్నెల్ ట్రైనా?

చలికాలంలో ట్రైన్, బండితో సహా ఎక్కితే సముద్రం కింద టన్నెల్‌లో దాటిస్తుంది. కాలే నుంచి ఫోక్‌స్టన్‌కి 35 నిమిషాలు, బండి పక్కనే నిలబడి ఉంటాం, సముద్రంలో గాలి ఎంతున్నా సంబంధం లేదు. ఫెర్రీ అయితే గంటన్నర, గాలి ఎక్కువైతే లేటు, కానీ కూర్చుని వేడి అన్నమో చిప్సో తినొచ్చు, బండిని బెల్టులతో కడతారు. అసలు గాలి సంగతి సముద్రం కంటే ముందే మొదలవుతుంది, ఘెంట్ దాటి తీరం దగ్గరికొచ్చేసరికి నేల బల్లపరుపుగా ఉండి పక్కగాలి బండిని లేన్ మార్చేస్తుంది. ప్యానియర్లు ఉన్న బండికి ఇంకా ఎక్కువ. 80 మీద పోతే చాలు.

కాలేలో చెకింగ్ ఎలా ఉంటుంది?

ట్రైన్ ఎక్కకముందే రెండు కౌంటర్లు, ముందు ఫ్రెంచ్ వాళ్ళు, తర్వాత యూకే వాళ్ళు. హెల్మెట్ తీయమంటారు, కాబట్టి హెల్మెట్ కింద తలా మొహం కప్పే బాలాక్లావా, గ్లవ్స్ అన్నీ లైన్లోనే విప్పుకుని ఉంచుకోండి, వెనక కార్ల హారన్ తప్పుతుంది. 2025 అక్టోబర్ నుంచి షెంగెన్ బోర్డర్లలో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది, దానికి టైం ఉంచుకోండి, వేళ్ళు ముందే కాచుకుంటే మెషీన్ త్వరగా చదువుతుంది. యూకే వీసా ఇప్పుడు ఆన్‌లైన్ ఈవీసా కదా, మీ ప్రస్తుత పాస్‌పోర్ట్ దానికి లింక్ అయిందో లేదో బయల్దేరకముందే చూసుకోండి.

ఇంటికొచ్చాక బండిని ఏం చేయాలి?

ఆ రాత్రే కడగాలి, ఎంత అలసిపోయినా. మూడు రోజుల ఉప్పు చైన్‌ని, బ్రేకుల్ని, బోల్టుల్ని తినేస్తూనే ఉంటుంది. నేను బాగా చల్లటి నీళ్ళతోనే కడుగుతా, వేడి నీళ్ళు పోస్తే ఉప్పు ఇంకా చురుగ్గా పనిచేస్తుంది. ప్రెజర్ వాషర్ బేరింగుల మీద కొట్టొద్దు, మామూలు పైపుతో పావుగంట కింద నుంచి పైకి. ఆరాక చైన్‌కి ఆయిల్, తర్వాతి వారం బ్రేక్ క్యాలిపర్లు విప్పి శుభ్రం చేయడం. బయల్దేరకముందే తుప్పు పట్టకుండా స్ప్రే కొట్టిన చోట్ల ఏమీ కాలేదు, సద్దుకోవడంలో మర్చిపోయిన రెండు చోట్ల మాత్రం తెల్లగా పొక్కింది. ప్యానియర్లు కూడా బోర్లించి కడగండి, నా వాటిలో ఉగాదికి కూడా బవేరియా గడ్డి పరకలు దొరికాయి, ఆవకాయ నూనె అంటుకుని.